రెండు రోజుల నీడ

కల్లంల పోసిన మిర్చిని దినాం రెండుసార్లు తిరగెయ్యాలె. పొద్దున మంచు ఆరినంక ఒకసారి, పొద్దు నెత్తి మీదికొచ్చినంక ఇంకొకసారి. కింది కాయ మీదికి రావాలె, మీది కాయ కిందికి పోవాలె. తిరగెయ్యకపోతే కింది కాయ చెమ్మబట్టి తెల్లగైతది. దాన్ని తాలుకాయ అంటరు. ఖమ్మం మార్కెట్ల తాలు కనపడితే సేట్లు మొహం తిప్పుకుంటరు. అందుకని పంట ఎండినంక ఆడోళ్ళమందరం కల్లం చుట్టు కూసొని ఎర్రకాయ ఒకదిక్కు, తాలు ఒకదిక్కు ఏరుతం. నేను కాపురానికొచ్చిన మూడో యేడు గట్ల ఏరుతుంటే మా అత్త చాంది నా చెయ్యి పట్టి పదిమందిల పైకి లేపింది. "ఇగో చూడున్రి, మా ఇంటికి కూడ ఒక తాలుకాయ వచ్చింది" అన్నది. అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. నవ్వకుంటే కోడలికి పొగరు అంటరని.

అప్పటికి నా కుడిచేతి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. కొడుకు వీరన్న పుట్టిన ఆర్నెల్లకు మొదలైంది. బొల్లి. ఏడాది తిరిగేసరికి రెండు చేతుల మీద పాకింది, ముక్కు మీదికొచ్చింది, కింది పెదివికొచ్చింది. అది అంటుకునే రోగం కాదని ఇప్పుడు చిన్నపోరలకు కూడ తెలుసు గని, ఆ రోజుల్ల కారేపల్లి పక్క మా తండాల ఎవరికి తెలుసు. చుట్టాలొస్తే మంచినీళ్ళు నన్ను ఇయ్యనిచ్చేది కాదు మా అత్త. పెండ్లిళ్ళల్ల పసుపు దంచుతుంటే రోకలి ముట్టనిచ్చేది కాదు. బొల్లి చేతులతోటి బువ్వ పెట్టొద్దన్నరు గని, బొల్లి చేతులతోటి నాటు పెట్టొద్దని, మిర్చి తెంపొద్దని, అడవికి పోయి తునికాకు కొయ్యొద్దని ఎవరూ అన్లేదు. నాకు అప్పుడు ఆ మాట తట్టలే. తట్టడానికి ముప్పై యేండ్లు పట్టింది.

మందు మా అత్తనే తెచ్చింది. ఆమెను తప్పుబట్టను, నా మేలుకే తెచ్చింది. బావంచాలని నల్లటి గింజలుంటయి, వాటిని నూరి నూనెల కలిపి మచ్చల మీద పూసి నడిపొద్దు ఎండల నిలవడాలె. అట్ల చేస్తే రంగు తిరిగొస్తదని అన్ని ఊర్లల్ల చెప్పేటోళ్ళు. ఎంతసేపు నిలవడాలె, ఎంత పూయాలె అన్నది ఎవరికి తెల్వది. అందుకని మావోళ్ళు ఒక లెక్క పెట్టుకున్నరు, ఎంత మండితే అంత పనిచేస్తదని. తండా వెనక నల్లబండ ఉన్నది. దాని మీద నేను చేతులు చాపి నిలబడేదాన్ని. పొక్కులు లేస్తే మందు పట్టిందనేది మా అత్త. పొక్కులు పగిలి నీరు కారితే, "రంగు లోపల్నుంచి తోసుకొస్తున్నది పిల్లా, ఇంకొక్క నాలుగు దినాలు" అనేది. మా ఆయన రూప్లా బండి తోలుకుంట పోతూ చూసి, "నీకోసమే కదనే, జర ఓర్చుకో. రేపు కొడుకు పెండ్లికి పదిమంది ముందు నిలవడాలె కదా" అనేటోడు. కొడుకు అప్పటికింకా నా చంకల ఉన్నడు. పదకొండేండ్లు గట్ల నిలవడ్డ. రంగు రాలే. ఒకనాడు మా అత్తనే విసిగిపోయి, "ఇగ చాలుతియ్, ఎవరి రాత వాళ్ళది" అన్నది. బండ దిగిన. దిగి చేన్లకు పోయిన. ఎండ అదే ఎండ, బండ మీదయితే మందు, చేన్లయితే పని. గంతే తేడా.

వీరన్న పెద్దగైండు, పాల్వంచ థర్మల్ కరెంటు స్టేషన్ల కాంట్రాక్టు కింద పనికి కుదిరిండు, షిఫ్టులు. కోడలు భవాని వచ్చింది. మనవరాలు పుట్టింది. మా అత్త పోయింది. నా చేతుల మీద తెల్లతోలు మీద ఎర్రగ, గరుకుగ, చిన్నచిన్న చెక్కులు కట్టుడు మొదలైంది. గోరుతోటి గీకితే ఊడొచ్చేది, వారం తిరిగేసరికి మళ్ళ అక్కడ్నే మొలిచేది. ముక్కు మీద కూడ ఒకటి. మిర్చి ఘాటుకు అయితున్నదేమో అనుకున్న. ఒళ్ళు గరుకైతే పట్టించుకునేంత తీరిక ఎవరికున్నది.

ఆరోగ్యశ్రీ కార్డులు కొత్తగ వచ్చిన యేడు కారేపల్లి బడిల తోలు డాక్టర్లు వచ్చి చూస్తున్నరంటే, మనవరాలికి గజ్జి లేసిందని తీసుకపోయిన. నాగలక్ష్మి అని డాక్టరమ్మ, హైదరాబాదు నుంచి వచ్చింది. పిల్లను ఎత్తి చూపిస్తుంటే ఆమె పిల్లను చూస్తలేదు, పిల్లను పట్టుకున్న నా చేతులు చూస్తున్నది. "పాపకు ఆయింట్‌మెంటు రాస్తానమ్మా, రెండు వారాల్లో పోతుంది. మీరు కూర్చోండి" అన్నది. నాకెందుకమ్మా అన్న. "కూర్చోండి" అన్నది మళ్ళ. వేలితోటి ఒక్కొక్క చెక్కును తడిమింది. ఎన్నేండ్లాయె, ఎండల ఎంతసేపుంటవ్, ఏమన్న పూసిన్రా అని అడిగింది. బావంచాల ముచ్చట చెప్తే ఆమె పెన్ను కింద పెట్టింది. తిట్టలే.

హైదరాబాదుల పెద్ద దవాఖానాకు రమ్మన్నది. మా ఆయన, నేను పోయినం. అక్కడ చీటీ రాసేకాడ గుమాస్తా పేరు, ఊరు అడిగి, "ఏం పని చేస్తది?" అన్నడు. నేను నోరు తెరిచేలోపల మా ఆయన, "ఏం చేస్తది సారూ, ఇంట్లనే ఉంటది" అన్నడు. గుమాస్తా గృహిణి అని రాసుకున్నడట. నాకు చదువు రాదు, మూడో తరగతి కాడ ఆగిన. ఆ మాట డాక్టరమ్మ చదివితే తెలిసింది. ఆమె చీటీ చూసింది, నా చేతులు చూసింది, మా ఆయనను చూసింది. "ఇంట్లో ఉండే మనిషికి ఇంత ఎండ ఎక్కడ తగిలిందండీ?" అన్నది. మెల్లగనే అన్నది. మా ఆయన నవ్విండు, ఇదేదో పట్నమోళ్ళ హాస్యం అనుకున్నడు. నాకు మాత్రం ఆ మాట కడుపుల పడ్డది. నారు పోసుడు, నాటుడు, కలుపు, మందు డబ్బా వీపున ఏసుకొని కొట్టుడు, తెంపుడు, ఎండబోసుడు, ఏరుడు, నడుమ నడుమ తునికాకు, ఇప్పపువ్వు, ఎడ్లకు గడ్డి, ఇంటికొచ్చినంక పొయ్యి. పట్టా పాసుబుక్కు మీద రూప్లా అని ఉంటది. మార్కెట్ల బస్తా మీద రూప్లా అని ఉంటది. పని అంతా నా తోలు మీద రాసి ఉన్నది, ఒక్క డాక్టరమ్మకే చదవొచ్చింది.

చిన్నముక్క కోసి పరీక్షకు పంపింది. ఇంకా క్యాన్సర్ కాలేదమ్మా, అయ్యేదానికి ముందరి మెట్టు మీదున్నయి, వదిలేస్తే కొన్ని అటు దిగుతయి అని చెప్పింది. ఒకటి రెండయితే మంచుకంటే చల్లటి మందుతోటి కాల్చేదట, ఇన్ని ఉన్నయి కాబట్టి కొత్తగ లైటు మిషను వచ్చింది, దాంతోటి చేస్తమన్నది. మందు పూసి వెలుగు పెడ్తరట. నేను పక్కున నవ్విన. "అమ్మా, మందు పూసి ఎండబెట్టుడే కదా, పదకొండేండ్లు చేసిన" అన్న. ఆమె కూడ నవ్వింది. "మీకు నవ్వొస్తుంది, నాకు ఏడుపొస్తుంది హేమ్లమ్మా. అది లెక్కలేని ఎండ, మంచి తోలును కూడా కాల్చింది. ఇది లెక్క ఉన్న వెలుగు. ఈ మందును చెడ్డ కణాలే ఎక్కువ తాగుతాయి, వెలుగు పడగానే అవే చస్తాయి" అన్నది.

చేతులకు మా ఆడోళ్ళం గాజులు ఏసుకుంటం కదా, మణికట్టు నుంచి జబ్బల దాక. నర్సు అన్నీ తీసెయ్యమన్నది. కిందివి తీసిన. జబ్బల మీదివి తియ్యను, అవి మొగుడు పోతేనే తీస్తరు అన్న. మా ఆయన ఉలిక్కిపడి, "అవి ఉండనియ్ సిస్టరమ్మా" అన్నడు. డాక్టరమ్మ ఒక గాజును పక్కకు జరిపి చూసి, "వీటితో పని లేదు. గాజుల కింద చూడండి, ఎంత బాగుందో తోలు" అన్నది. నేను కూడ వంగి చూసిన. నిజమే, గాజుల నీడన ఇంత మెత్తటి తోలు, చిన్నపిల్లది లెక్క. అది నా ఒంటి మీదనే ఉన్నదని నాకు తెల్వది.

చేతుల మీది, ముక్కు మీది చెక్కులు గీకి మందు పూసి, మీద తళతళ కాయితం, దాని మీద నల్లబట్ట చుట్టి మూడు గంటలు కూసోబెట్టిన్రు. తర్వాత కండ్లకు అద్దాలు పెట్టి ఎర్రలైటు కింద చేతులు, మొహం పెట్టమన్నరు. మొదట ఏమనిపియ్యలే. నిమిషమైనంక మొదలైంది. సూదులు కాదు, నిప్పు కాదు, తోలు లోపల్నుంచి ఎవరో ఉతుకుతున్నట్టు. నేను పండ్లు కరిచిన. డాక్టరమ్మ చిన్న ఫ్యాను చేతిల పట్టుకొని గాలి పెడుతున్నది. "ఆపమంటారా అమ్మా? కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చు" అన్నది. అంతే, నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మంటకు కాదు. బండ మీద పదకొండేండ్లు నిలవడ్డ, ఒక్కసారన్న ఆపమంటవా అని ఎవరూ అడగలే. "వద్దమ్మా, కానియ్" అన్న.

పోయేటప్పుడు గట్టిగ చెప్పింది. రెండు రోజులు ఎండ సోకొద్దు. కిటికీ కాడ కూసోవద్దు. మబ్బు వెలుగు కూడ వద్దు, మందు ఇంకా తోల్ల ఉంటది, ఏ వెలుగు పడినా కాలుస్తది. చీకటి గదిల ఉండాలె, రెండు రోజులు. మా ఆయన బయటికొచ్చినంక, "డాక్టర్లు గట్లనే అంటరు. రెండంటే ఒకటి అన్నట్టు" అన్నడు.

అప్పుడు తెంపుడు మీదున్నది చేను. ఇంటికొచ్చిన తెల్లారి కూలోళ్ళు పన్నెండుమంది దిగిన్రు. వాళ్ళ వెంట ఎవరుండాలె, వరస ఎవరు పట్టాలె. "చేతులకు సంచులు తొడుక్కో, మొహానికి కొంగు కప్పుకో, ఏమైతది" అన్నడు మా ఆయన. తొడుక్కున్న. పోయిన. సంచి మిర్చి కొమ్మలకు తట్టుకొని ఎప్పుడు చిరిగిందో చూసుకోలే. పొద్దుగూకేసరికి చేతులు పూరీలు పొంగినట్టు పొంగినయి, ముక్కు మూసుకపోయింది. తొమ్మిది దినాలు గిలాస పట్టుకోలేకపోయిన. భవాని కలిపి నోట్ల పెట్టేది. కోడలు చేతి ముద్ద తింటుంటే సిగ్గయ్యేది నాకు, "సిగ్గెందుకు యాడీ, నాకు పురుడుల నువ్వు పెట్టలేదా" అనేది. యాడీ అంటే మా భాషల అమ్మ.

నెలకు మళ్ళ పోతే డాక్టరమ్మ చేతులు చూసి, "ఎవరు పంపారు ఎండలోకి?" అన్నది. మా ఆయన గోడ మీది క్యాలెండరు దిక్కు చూస్తున్నడు. "నేనే పోయినమ్మా" అన్న. గట్ల చెప్పుడు నాకలవాటు. ఆమె నమ్మలే గని గుచ్చి అడగలే. సగం పోయినయట, సగం ఉన్నయట. నా కుడిచేతి చూపుడువేలు పట్టుకొని, "ఇది ఒకటి లోపలికి దిగుతున్నట్టుంది. ఈసారి సరిగ్గా మానకపోతే కోత తప్పదు. ఇంకా ఆలస్యమైతే వేలు తియ్యాల్సి రావచ్చు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు" అన్నది. మళ్ళ అదే మందు, అదే నల్లబట్ట, అదే మంట. ఈసారి మొహానికి కూడ ఎక్కువసేపు.

ఇంటికొచ్చినం. మా ఇంట్ల వడ్లు పోసే అర్ర ఒకటున్నది, దానికి కిటికీ లేదు. పైన పెంకుల సందుల్ల వెలుగు పడుతదని భవాని నిచ్చెనేసుకొని ఎక్కి ఒక్కొక్క సందుకు పాత పేపరు కుక్కింది. నేను లోపలికి పోయి గడియ పెట్టుకున్న. తిండి సందెల్ల, చీకటి పడ్డంక.

పగటిపూట పండుకొని ఇంటిని వినుడు అదే మొదలు. ఎన్ని చప్పుళ్ళు. అన్నిట్ల నా పేరే. "హేమ్లీ, నా తువ్వాల ఏది." "హేమ్లీ, ఎద్దుకు తౌడు ఎంత పెట్టాలె." "యాడీ, ఉప్పు డబ్బా కనపడ్తలేదు." "దాదీ, నాకు జడెయ్యి" అని మనవరాలు. ఒక పూటల ముప్పైదాక లెక్కపెట్టి ఆపేసిన. బయట తిరుగుతున్నప్పుడు గివన్నీ పిలుపులనే తెల్వదు, పని అనుకుంటం. చీకట్ల కూసుంటే ఒక్కొక్కటి వచ్చి తలుపుకు తగులుతుంటే తెలిసింది. మొదటి రోజు అన్నిటికి లోపల్నుంచి జవాబు చెప్పిన. మొత్తం మీద నిద్ర కూడ పోయిన. లేచేసరికి ఒళ్ళు ఎవరిదో అనిపించింది, అంత తేలికగున్నది.

రెండో రోజు పగలు, బువ్వ యాల దాటినంక, గాలి మారింది. నాకు లోపల్నుంచే తెలిసింది. పెంకుల మీద వేపాకు రాలుతున్న చప్పుడు, దూరం అడవిదిక్కు ఉరుము. కల్లంల మొత్తం పంట ఉన్నది. తెంపుడైపోయి నాలుగు దినాలైంది, ఇంకా సగం ఎండలే. మిర్చి తడిస్తే యేడాది కష్టం పోయినట్టే. నా కాళ్ళు వాటంతటవే లేచినయి.

"హేమ్లీ." తలుపు దబదబ కొట్టుడు. "వాన పట్టింది. జల్దీ రా."

నేను తలుపు కాడికి పోయిన.

"ఎండ లేదే. మొత్తం మబ్బే. ఒక్క ఘడియ వచ్చి పో."

చెయ్యి గడియ మీదికి పోయింది. నిజం చెప్తున్న, పోయింది. ముప్పై ఎనిమిదేండ్ల సంది వాన అంటే ఉరికిన మనిషిని, ఒళ్ళు మాట వినలే. గడియ చల్లగున్నది, దాని మీద నా చూపుడువేలు. మెత్తగ వాచి ఉన్నది, మందు వాసన వస్తున్నది. ఈ వేలు లేకపోతే రేపు మిర్చి ఎట్ల తెంపుత అని ఆలోచన వచ్చింది మొదట. చూసిన్రా, నా వేలు గురించి కూడ నాకు మిర్చి దిక్కునుంచే ఆలోచన వచ్చింది. అది చూసుకొని నాకే భయమైంది. తర్వాత, మిర్చి లేకపోతే ఈ వేలు ఎందుకు అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకలే. జవాబు దొరకకపోతే దొరకకపాయె, వేలు నాది అనుకున్న. చెయ్యి వెనక్కి తీసుకున్న.

"నేను రాను, వీరన్న నాయినా."

"ఏందీ?"

"రాను. కాయ మీద కప్పే పట్టాలు అటుక మీదున్నయి. నీలిది పెద్దది, ముందు అది తియ్యి. తూర్పుదిక్కు నేల పల్లం, నీళ్ళు అటే పోతయి. ముందు ఆ దిక్కు కాయను పైకి తోసి కుప్ప చెయ్యి."

"పార ఏది?"

"పారతోటి కాదు. కాయ పగుల్తది. చెక్కపలక ఉంటది."

"అదేడున్నది?"

"కొట్టం గోడకు ఆనిచ్చి ఉన్నది. ఇరవై యేండ్ల సంది అక్కడ్నే ఉన్నది. భవానిని ఒక కొస పట్టుకోమను. పూల్‌సింగును కేకెయ్యి, సాయం కావాలని నువ్వే అడుగు."

తిట్టుకుంట పోయిన అడుగులు వినపడ్డయి. తర్వాత పక్కింటి పూల్‌సింగు గొంతు, భవాని గొంతు, పట్టా గాలికి టపటప కొట్టుకునే చప్పుడు. నేను గోడకు ఆనుకొని కూసొని వింటున్న. వాన దిగింది. పెంకుల మీద, చెవుల మీద. "నాయినా, ఆ మూల ఎగురుతున్నది, రాయి పెట్టు" అని కోడలు మామను గద్దిస్తున్నది. నవ్వొచ్చింది. ఏడుపు కూడ వచ్చింది. ఎంత తడిసిందో, ఎంత మిగిలిందో చూడాలని గుండె కొట్టుకున్నది గని గడియ ముట్టలే.

వాన తెరిపిచ్చింది. మా ఆయన వచ్చి తలుపు అవతల అరుగు మీద కూలబడ్డడు. దగ్గుతున్నడు, మిర్చి ఘాటు ఎక్కింది.

"తూర్పుదిక్కుది పోయింది" అన్నడు. "మూడొంతులు దక్కింది."

"మంచిగ చేసినవ్."

"రేపు నువ్వొస్తే పట్టా తీసి మళ్ళ ఆరబొయ్యొచ్చు."

"రేపు రాను."

"ఎల్లుండి?"

"ఎల్లుండి పొద్దు పొడవకముందు ఒక గంట వస్త. సందె చల్లబడ్డంక ఒక గంట వస్త. నడుమ ఎండల ఇగ రాను. ఎన్నడు రాను. వచ్చే యేడు మిర్చి పెట్టాలంటే నువ్వు, నీ కొడుకు మాట్లాడుకొని పెట్టున్రి."

తిడ్తడనుకున్న. తిట్టలే. అలిసిపోయిండు పాపం, అరవయ్యేండ్ల మనిషి. అరుగు మీద చేతులు రుద్దుకుంటున్న చప్పుడు, చెంబుల నీళ్ళు ఒంపుకుంటున్న చప్పుడు.

"హేమ్లీ, చేతులు భగ్గున మండుతున్నయే. కడిగినకొద్దీ ఎక్కువైతున్నది."

"నీళ్ళు పోయకు. తడి మిర్చికి గట్లనే ఉంటది. భవానినడిగి కొబ్బరినూనె రాసుకో, గంటైనంక కడుగు. కండ్లు ముట్టుకోకు."

నూనె సీసా మూత తీసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, తలుపు దగ్గరికి జరిగి అడిగిండు.

"ఎన్ని దినాలు ఉంటదే ఈ మంట?"

"మొదటి పంటకే గంత మండుతది," అన్న. "తర్వాతర్వాత చేతులు ఊకుంటయి. మండుడు పోదు, చెప్పుడు మానుకుంటయి."

గట్లని చెప్పి, గోడదిక్కు తిరిగి పండుకున్న.